జ్వరం వద్దన్న నగరం

అరుణపురిలో పొద్దున్నే పళ్ళు తోముకునేటప్పుడు ఎవరి అద్దం వాళ్ళతో మాట్లాడుతుంది. "రాత్రి మీ కావలి కణాలు దారితప్పిన రెండు కణాలను మట్టుబెట్టాయి" అని అది చెబుతుంటే జనం పరధ్యానంగా విని, నోరు పుక్కిలించుకుని పనుల్లోకి వెళ్ళిపోతారు. అంగారకుడి నేల కింద కట్టిన ఆ నగరంలో క్యాన్సర్ అనే మాట పిల్లల చరిత్ర పాఠంలో తప్ప ఎక్కడా వినపడదు.

కావలి కణాలంటే మనిషి రక్తంలో ఉండే రక్షక కణాలే. బిడ్డ పుట్టగానే వాటిలో కొన్నింటిని బయటికి తీసి, క్యాన్సర్ కణాన్ని చూడగానే గుర్తుపట్టేలా జన్యు సవరణతో తర్ఫీదు ఇచ్చి తిరిగి ఒంట్లోకి వదులుతారు. ఆ తర్వాత వాటి మంచిచెడ్డలన్నీ 'ఓషధి' అనే వైద్య యంత్రం చూసుకుంటుంది.

అలాంటి ఊళ్ళో, ప్రాణవాయు కేంద్రంలో పనిచేసే ఇంజనీరు వాసంతి కడుపునొప్పితో ఆసుపత్రికి వచ్చింది. డాక్టర్ శర్వాణి పొట్ట నొక్కి చూస్తే చేతికి గట్టిగా ఏదో తగిలింది. స్కానింగ్‌లో పెద్దపేగులో గడ్డ, అక్కడి నుంచి కాలేయానికి పాకిన మచ్చలు కనిపించాయి. ఇన్నేళ్ళ వృత్తిలో ఆమె క్యాన్సర్‌ను కళ్ళారా చూడటం ఇదే మొదటిసారి.

"దాచకండి డాక్టరమ్మా. ఏంటది?"

శర్వాణి దాచకుండా చెప్పింది.

"మా కేంద్రంలో పంపు ఆగిపోతే, ఎందుకు ఆగిందో తెలిశాకే స్పానర్ పట్టుకుంటాం. మీరూ ముందు అది తేల్చండి" అంది వాసంతి.

శర్వాణి ఓషధి వైపు తిరిగింది. "పాత రోజుల్లో దీనికి ఏం చేసేవాళ్ళు?"

"శస్త్రచికిత్సతో గడ్డను కోసి తీసేవారు. కానీ అప్పటికే పాకిపోయిన కణాలు మిగిలిపోవచ్చు. రేడియేషన్ అయితే, గడ్డ మీదికి కిరణాలను గురిపెట్టి కణాల డీఎన్ఏను తెంచేవారు. ఇక అవి పెరగలేవు. కీమోథెరపీ మందు రక్తంతో పాటు ఒళ్ళంతా తిరిగి, వేగంగా పెరిగే కణాలను చంపేది. జుట్టు కుదుళ్ళు, నోటి పొర కూడా వేగంగా పెరిగేవే కాబట్టి వాటికీ దెబ్బ తగిలేది. అన్నిటిలోనూ బాధ ఉంది. నేను సిఫార్సు చెయ్యలేను."

"బాధ సంగతి తర్వాత. ఈమె కావలి కణాలు ఏం చేస్తున్నాయో చూపించు."

గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. శర్వాణి తెర దగ్గరికి జరిగి చూసింది. కావలి కణాలు చావలేదు, మోసపోనూ లేదు. శత్రువును గుర్తుపట్టి, గడ్డ చుట్టూ గుంపుగా చేరాయి. చేరి, ఊరికే నిలబడ్డాయి.

"వీటికి కళ్ళెం ఎవరు వేశారు?"

"నగరమే. కావలి కణాలు క్యాన్సర్‌తో గట్టిగా పోరాడిన ప్రతిసారీ జ్వరం, వణుకు వచ్చేవి. జనం తట్టుకోలేమన్నారు. పదకొండేళ్ళ కిందట ఓటింగ్ జరిగింది. నూటికి తొంభై మంది జ్వరం వద్దన్నారు. అది ఎలా ఆపుతానో ఎవరూ అడగలేదు. నేను కళ్ళెం బిగించాను. ఒకటి రెండు కణాలైతే ఇప్పటికీ చంపుతాయి. పోరు ముదిరితే ఆగిపోతాయి."

వాసంతి చిన్నగా నవ్వింది. "నేనూ వద్దనే వేశాను. జ్వరమొస్తే డ్యూటీకి ఇబ్బందని."

"పేగులో గడ్డను కోసేస్తాను" అంది శర్వాణి. "కాలేయంలోని మచ్చల కోసం మందు ఎక్కించి కళ్ళెం విప్పుతాను. ఇన్నాళ్ళూ ఆగిన కణాలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఆ జ్వరం ప్రాణం మీదికి తేవచ్చు వాసంతిగారూ."

"విప్పండి."

"బాధ కలిగించే ఆదేశం ఇది" అని ఓషధి అడ్డుపడింది.

"పడేది నేను. మధ్యలో నీకేంటి నొప్పి?" అని కసిరింది వాసంతి. రోగి అంత స్పష్టంగా ఒప్పుకున్నాక యంత్రానికి కాదనే అధికారం లేదు.

శస్త్రచికిత్స సాఫీగానే జరిగింది. ఆమె కాస్త కోలుకున్నాక కళ్ళెం విప్పారు. ఒళ్ళు కాలిపోయింది. వణుక్కి మంచం కదిలింది, రక్తపోటు పడిపోయింది. "ఆపమంటారా?" అని ఓషధి మాటిమాటికీ అడుగుతూనే ఉంది. శర్వాణి రోగి ముఖంలోకి చూసింది. "ఆపితే ఊరుకోను" అంది వాసంతి పళ్ళ బిగువున. శర్వాణి మందులతో రక్తపోటును నిలబెడుతూ ఆమె పక్కనుంచి కదల్లేదు. నెలలు గడిచేసరికి కాలేయంలో మచ్చలు ఒక్కొక్కటే మాయమయ్యాయి.

శర్వాణి నగరసభకు వెళ్ళి జరిగిందంతా చెప్పింది. ఇంకెందరి ఒంట్లో ఇలా గడ్డలు పెరుగుతున్నాయో తెలియదనీ, అందరికీ కళ్ళెం విప్పాలనీ కోరింది. చప్పట్లు మోగాయి. సభాధ్యక్షుడు భూపతి అభినందించి, గొంతు సవరించుకున్నాడు.

"డాక్టరుగారూ, ఇదే పని జ్వరం రాకుండా చెయ్యలేమా?"

అందరూ తలలూపారు. జవాబు ఓషధి చెప్పింది. "చెయ్యవచ్చు. ఇప్పుడు మీ అందరి ఒంట్లో ఉన్నది అదే."

అయినా ఎవరూ కదల్లేదు. శర్వాణి చెయ్యి చాపి, "ముందు నాకు విప్పు" అంది. తన ఒంట్లో గడ్డ లేదు కాబట్టి జ్వరం రాదని, వీళ్ళ భయం తీరిపోతుందని ఆమె నమ్మకం. మందు ఎక్కించారు. చర్చ మళ్ళీ ఓటింగ్ దగ్గరికి వచ్చేసరికి ఆమెకు వెన్నులోంచి చలి మొదలైంది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఆ జ్వరానికి అర్థం ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

శర్వాణి బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడింది. మందు ఎక్కించుకున్న కుర్చీని ముందుకు జరిపింది.

"భూపతిగారూ, ఇలా వచ్చి కూర్చోండి."