మరకైబో గురించి ఒక పేజీ

ఫొటోలో ఉన్నది మనిషేనని పోల్చుకోవడానికి వేణుగోపాలరావుకు కాస్త సమయం పట్టింది.

"ఫసీయుద్దీన్. దోహాలో మన ఏజెంట్," అన్నాడు డిప్యూటీ డైరెక్టర్ శ్రీరామమూర్తి, ఫొటో ఫ్యాన్ గాలికి ఎగిరిపోకుండా దాని మీద టీ గ్లాసు పెట్టి. "ఇనుప కంటైనర్‌లో పెట్టి తాళం వేశారు. జులై ఎండలో రెండు రోజులు."

అది 1976. చమురు ధర పెరిగి గల్ఫ్ తీరమంతా జెట్టీలు, పైప్‌లైన్లు లేస్తున్న రోజులు. దోహా దగ్గర అలాంటి ఒక జెట్టీని పేల్చడానికి హార్మన్ అనే విదేశీయుడి ముఠా కాంట్రాక్టు తీసుకుంది. అక్కడ పనిచేసేది మూడు వందల మంది మన తెలుగు కూలీలు. వాళ్లు చావడమే కాదు, నేరం కూడా వాళ్ల మీదే పడేలా ప్లాన్. బాంబు ఎక్కడుందో కనిపెట్టి ఆపడమే వేణుగోపాలరావు మిషన్.

హార్మన్ నమ్మేది దక్షిణ అమెరికాలోని మరకైబో చమురు బావుల్లో పనిచేసి వచ్చిన వాళ్లనే. అందుకని వేణుగోపాలరావు అక్కడి పేలుడు పదార్థాల ఇంజనీర్ అయ్యాడు. తల్లి ట్రినిడాడ్ భారతీయురాలని పాస్‌పోర్టు వెనక కథ అల్లారు. ఆ ఊళ్లో మొదటిసారి దిగినప్పుడు ఏమనిపించిందో టైపు చేసిన పేజీ ఒకటి ఇచ్చి, కంఠతా పట్టమన్నారు. ఫసీయుద్దీన్ చచ్చేదాకా నోరు విప్పలేదని ముఠాలో ఉన్న మన మనిషి ఖమర్ సుల్తానా రిపోర్టు పంపింది. ఆ రిపోర్టు నమ్మి ఇతన్ని పంపుతున్నారు.

దోహాలో విమానం తలుపు తెరవగానే కళ్లద్దాలు ఆవిరి పట్టి లోకం మాయమైంది. తడుముకుంటూ మెట్ల కమ్మీ పట్టుకుని, చురుక్కుమని చెయ్యి లాగేసుకున్నాడు. సముద్రం పక్కనే ఉంది, గాలి మాత్రం లేదు. నేల మీద కాలు పెట్టేలోపే చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. బయట రోడ్డు మీద మేకలు అట్టపెట్టెలు నములుతున్నాయి. కొత్త కార్లు ఇంజన్ ఆపకుండా దుకాణాల ముందు నిలబడి ఉన్నాయి. ఆ ఎండలో నడుస్తున్న వాళ్లంటూ ఉంటే కూలీలే.

తెల్ల కారుకు ఆనుకుని నల్ల కళ్లద్దాల ఖమర్ సుల్తానా నిలబడి ఉంది. హైదరాబాదీ. అందం గురించి ఫైల్లో రాసింది తక్కువే.

"ఇక్కడ మల్లెపూలు దొరుకుతాయా?" అన్నాడు.

"వాడినవి దొరుకుతాయి," అంది. కోడ్ సరిపోయింది.

అల్ ముంతజా పేటలో ఏసీ గడగడలాడుతున్న విల్లాలో హార్మన్ కాఫీ ఇచ్చాడు. పేలుడు పదార్థాల గురించి ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. మరకైబోలో మొదట దిగినప్పుడు ఎలా అనిపించిందని మాత్రం అడిగాడు.

"మొదట తగిలేది వేడి కాదు, సరస్సు మీంచి వచ్చే చమురు వాసన," అని మొదలుపెట్టాడు వేణుగోపాలరావు. "తర్వాత టాక్సీవాడు..."

"...మనల్ని కూర్చోమనే ముందు సీటు మీద నీళ్లు చల్లుతాడు," అని హార్మన్ పూర్తిచేశాడు. "ఫసీయుద్దీన్ కూడా అక్షరం పొల్లుపోకుండా ఇదే చెప్పాడు. మీ ఆఫీసులో ఆ ఊరి గురించి ఒకే పేజీ ఉందా?"

ఒకే పేజీ ఉంది. కార్బన్ కాపీలు మాత్రం చాలా ఉన్నాయి. గంట క్రితం దోహాలో తన ఒంటికి తగిలిన దాన్నే మరకైబో అని చెప్పి ఉంటే బతికిపోయేవాణ్ని కదా అని వేణుగోపాలరావు తనను తాను తిట్టుకున్నాడు. రంపం దాచిన గడియారం, బూటు మడమలోని కత్తి, విషపు పెన్ను, అన్నీ జాబితా చూసి తీసుకున్నట్టు ఖమర్ సుల్తానా వరసగా ఊడదీసింది. చేతులు కట్టింది కూడా ఆవిడే.

మర్నాడు పొద్దున జెట్టీ దగ్గర ఒక కంటైనర్‌లో, అతని కాలిని నేలకున్న ఇనుప కడియానికి గొలుసుతో బిగించి, నోట్లో గుడ్డ కుక్కారు. చెయ్యి అందనంత దూరంలో, రెండో మూల బాంబు. దాని మీది గడియారం పన్నెండుంపావుకు పెట్టి ఉంది.

"మీవాళ్లు అన్నం తినేది ఈ కంటైనర్ నీడలోనే. మాటలు కూడా వినపడతాయి నీకు," అన్నాడు హార్మన్, అతిథికి గది చూపించినంత మర్యాదగా. "రేపు లోపల భారతీయ గూఢచారి శవం దొరుకుతుంది. ఎవరు పేల్చారని ఇక ఎవరూ అడగరు." తర్వాత కారెక్కి విమానాశ్రయానికి వెళ్లిపోయాడు.

పన్నెండు కొట్టేసరికి ఇనుము పెనంలా కాలింది. బయట సత్తు గిన్నెల చప్పుడు. ఎవరో నవ్వుతున్నారు. ఎవరో ఉల్లిగడ్డ అడుగుతున్నారు. మణికట్లు చీరుకుపోతున్నా వేణుగోపాలరావు తాడును లాగుతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి ముడి జారింది. నోట్లో గుడ్డ పీకి అరిచాడు.

"ఎవలు లోపట?" అన్నది ఒక గొంతు. ఇనుప చువ్వలు కట్టే కూలీ బుచ్చన్నది.

"బాంబుంది. అందరూ దూరంగా పారిపోండి. ఏడు నిమిషాలే ఉంది."

పరుగుల చప్పుడు వినిపించింది. అందరూ పోయారనుకున్నాడు. ఒక్కడు పోలేదు.

"కంపెనీ తాళం ముట్టుకుంటే దేశానికి తోలుతరు," అన్నాడు బుచ్చన్న బయట్నుంచి. "గని నువ్వు లోపటుంటివి గద సారూ. నేనెట్ల పోదు?"

గడ్డపార దెబ్బలు మొదలయ్యాయి. ఒక్కో దెబ్బకు వేణుగోపాలరావు గడియారం ముల్లు వంక చూస్తున్నాడు. తాళం ఊడి పడేటప్పటికి అర నిమిషం కూడా లేదు. నల్ల తీగ కత్తిరించమని అరిచాడు. బుచ్చన్న మొలలోని పటకారు తీసి, రోజూ కట్టుకమ్మీ తుంచినట్టే తుంచేశాడు. ముల్లు పన్నెండుంపావు మీదికి వెళ్లింది. ఏమీ కాలేదు. బుచ్చన్న పటకారు మళ్లీ మొలలో దోపుకున్నాడు.

గొలుసు తెంపించుకుని అతను బయటికి వచ్చేసరికి ఖమర్ సుల్తానా కారు దిగి వచ్చింది. హార్మన్‌ను విమానాశ్రయంలో పోలీసులకు పట్టించింది తనేనని చెప్పింది.

"ముడి వదులుగా కట్టింది కూడా నేనే. రిపోర్టులో రాయండి."

"ఫసీయుద్దీన్‌కి?"

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుంది. "అప్పుడు మీవాళ్లు గెలుస్తారనిపించలేదు."

వేణుగోపాలరావు ఆవిణ్ని రెక్క పట్టి కంటైనర్‌లోకి నెట్టి, తాళం విరిగిన తలుపును గడ్డపార అడ్డంపెట్టి బిగించాడు. పోలీసు జీపు రావడానికి గంట పడుతుంది. లోపల్నుంచి ఆవిడ మొదట బెదిరించింది, తర్వాత బతిమాలింది. ఆడమనిషి గద సారూ అని బుచ్చన్న గొణిగాడు. వేణుగోపాలరావు వెళ్లి అదే కంటైనర్ నీడలో కూర్చున్నాడు.

భోజనం వేళ దాటి పది నిమిషాలైంది. ఫోర్‌మన్ వచ్చి విజిల్ ఊదాడు. బాంబు పేలలేదు కాబట్టి అందరూ డ్యూటీలోకి రావాలన్నాడు.