కుక్కపిల్లను వెనక్కి తెచ్చిస్తే

అన్యాయం జరిగింది ఎవరికి? ఫిడెల్మా హోగన్‌కు. ఎలా జరిగింది? తొమ్మిదేళ్ల క్రితం, సొంత ఇంటి వంటగదిలో, కుక్కపిల్లను కొనడానికి వచ్చిన మనిషి ఎదుట ఆమె నిజం చెప్పింది. కన్నతల్లి దాన్ని అబద్ధమన్నది. చెయ్యి చేసుకోలేదు, ఆస్తి లాక్కోలేదు. ఒక్క మాట, అంతే. ఆ మాట ఊరంతా పాకాక ఫిడెల్మా ఇల్లు విడిచి కార్క్ నగరానికి వెళ్లిపోయింది. తల్లికి తుంటి ఎముక ఆపరేషన్ జరిగి, చూసుకునేవారు లేకపోయిన నిరుటి శరత్కాలంలో గాని తిరిగి రాలేదు. వచ్చాక కూడా ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

మార్చి నెల. క్లేర్ కౌంటీలో నాలుగు రోజులుగా వాన తెరిపి ఇవ్వలేదు. ఫిడెల్మా తెల్లవారకముందే లేచి, కుక్కపిల్లల దొడ్డిలో తడిసిన పాత పేపర్లు ఎత్తి కొత్తవి పరిచి, నడుము పట్టుకుని ఒక్క క్షణం గోడకు ఆనుకుంది. యాభై రెండేళ్ల నడుము. తల్లి కాన్సెప్టా పొయ్యి పక్కన కుర్చీలో, మోకాళ్ల మధ్య చేతికర్ర నిలబెట్టుకుని కూర్చున్నది. నలభై ఏళ్లుగా ఆ ఇంట కావలియర్ జాతి కుక్కలను పెంచి అమ్ముతున్నారు. వేలాడే చెవులు, తడి కళ్లు, ఒడి వదలని స్వభావం. వీటితో పాటే తరతరాలుగా దిగివచ్చే గుండెజబ్బు.

"పదకొండింటికి ఎవరో వస్తారన్నావు, ఎవరే?" అంది కాన్సెప్టా.

"బ్రీజ్ లిలిస్."

కాన్సెప్టా టీ కప్పు కింద పెట్టింది. "పోస్టాఫీసు బ్రీజా? ఆవిడకి మళ్లీ మన గడపతో ఏం పని?"

"కుక్కపిల్ల కావాలట, అమ్మా. మన దగ్గర ఇంకేం దొరుకుతుంది?"

"కార్క్‌లో నీ నాలుక బాగానే పదునెక్కింది."

"పదును అక్కడిది కాదు. ఇక్కణ్ణించి తీసుకెళ్లిందే."

ఇద్దరికీ పోట్లాడే ఓపిక కూడా తరిగిపోయింది.

చెప్పిన వేళకే బ్రీజ్ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ముప్పై ఏళ్లు ఊరి పోస్టాఫీసు నడిపి రిటైరయింది. రెయిన్‌కోటు తలుపు వెనక తగిలించి కూర్చోగానే, నాలుగు కుక్కపిల్లల్లో ఒకటి వచ్చి ఆమె బూటు తాడు కొరకడం మొదలుపెట్టింది.

"చూశావా వీడి ధైర్యం! ఉద్యోగంలో ఉండగా ఒక్కడైనా నా జోలికొచ్చాడా?" అంటూ దాన్ని ఒళ్లోకి తీసుకుంది. వెంటనే కళ్లద్దాలు పెట్టుకుంది. "ముద్దులు తర్వాత. ముందు మీ కాగితం ఇలా ఇవ్వండి."

ఆ కాగితం అమ్మకపు హామీ పత్రం. కాన్సెప్టా ఇరవై ఏళ్ల క్రితం టైపు చేయించినది. అప్పటి నుంచి దానికి నకళ్లు తీయడమే తప్ప ఒక్క అక్షరం మార్చలేదు. బ్రీజ్ దాన్ని వరుస వరుసా వేలు పెట్టి చదివింది.

"తల్లికుక్క గుండె పరీక్ష ఎప్పుడు చేయించారు?"

"బ్రయర్‌కి ఐదేళ్లు నిండాక, లిమెరిక్‌లో గుండె డాక్టరు దగ్గర," అని ఫిడెల్మా సర్టిఫికెట్టు ముందు పెట్టింది. "తండ్రికుక్కదీ ఉంది, చూడండి."

"ఏడాది వయసులో చేయించింది కాదు కదా?"

"కాదండీ. ఏడాది వయసులో ఈ జాతి గుండెలన్నీ బాగానే వినిపిస్తాయి. అసలు సంగతి బయటపడేది తర్వాతే."

"మా రోజుల్లో ఏడాది వయసులో ఒకసారి చూపిస్తే బతుకంతా సరిపోయేది," అంది కాన్సెప్టా.

"ఆ రోజుల్లోనే పుట్టాడు మా మర్ఫీ," అంది బ్రీజ్.

మర్ఫీ ఈ ఇంటి కుక్కపిల్లే. తొమ్మిదేళ్ల క్రితం బ్రీజ్ ఇక్కడే కొన్నది. మూడేళ్ల వయసులో దగ్గు మొదలైంది; నాలుగు నిండకుండానే గుండె ఆగిపోయింది.

బ్రీజ్ వేలు మూడో షరతు దగ్గర నిలిచింది. "'నాలుగేళ్ల లోపు గుండెజబ్బు కనిపిస్తే, కొన్నవారు ఆ కుక్కను వెనక్కి తెచ్చిస్తే, బదులుగా వేరే పిల్లను ఇస్తాం.' కాన్సెప్టా గారూ, ఈ ఇరవై ఏళ్లలో ఎంతమంది వెనక్కి తెచ్చారు?"

కాన్సెప్టా తల ఎత్తింది. "ఒక్కరు కూడా తేలేదు. నా కుక్కలు అంత గట్టివి."

"గట్టివి కావమ్మా," అంది ఫిడెల్మా. ఆ గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువ. "ఫోన్లు వచ్చేవి. నేనే తీసేదాన్ని. నువ్వు ఒకే మాట చెప్పమనేదానివి: 'తెచ్చివ్వండి, వేరేది పట్టుకెళ్లండి.' అవతల మనిషి ఏడ్చి ఫోన్ పెట్టేసేవారు."

"నేనూ ఫోన్ చేశాను," అంది బ్రీజ్. "మా ఆయన పోయాక రాత్రుళ్లు నా కాళ్ల దగ్గర పడుకున్న ప్రాణి అది. తెచ్చిస్తే దాన్నేం చేస్తారని అడిగాను. 'జబ్బుపడ్డ కుక్కని ఏం చేస్తారు?' అన్నారు మీరు. మీకు తెలుసు కాన్సెప్టా గారూ. ప్రేమించిన వాళ్లెవరూ తెచ్చివ్వరని తెలిసే ఆ ముక్క రాయించారు."

ఫిడెల్మా కలం తీసి మూడో షరతును అడ్డంగా కొట్టేసింది. దాని కింద గుండ్రటి అక్షరాలతో రాసింది: "కుక్క కొన్నవారి దగ్గరే ఉంటుంది. కొన్న ధర మేరకు వైద్యం ఖర్చు మేమే భరిస్తాం."

"ఇది నా ఇల్లు! నా కాగితం!" కాన్సెప్టా కర్ర నేలకేసి కొట్టింది. కుక్కపిల్లలు చెల్లాచెదురయ్యాయి. "ఎవరినడిగి రాస్తున్నావే?"

"ఎవరినీ అడగలేదు. అడిగి అడిగి అలిసిపోయాను. ఇలాగైతేనే ఇక్కడ అమ్ముతాను. కాదంటే ఈ సాయంత్రం బస్సు ఎక్కుతాను. ఈసారి మళ్లీ రాను."

బ్రీజ్ ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"కాగితం బాగుంది తల్లీ. కానీ నాకు ఇంకొక హామీ కావాలి. అది కాగితం మీద పట్టదు." ఆమె కాన్సెప్టా వైపు తిరిగింది. "ఆ రోజు ఇదే బల్ల దగ్గర మీ అమ్మాయి నాతో, 'తీసుకోకండి, వీడి తల్లి గుండెలో తేడా వినిపించిందని డాక్టరు చెప్పాడు' అంది. మీరేమో, 'దానికి నామీద కక్ష, అబద్ధాలాడుతోంది' అన్నారు. నేను మిమ్మల్నే నమ్మాను. నమ్మి ఊరుకున్నానా? తల్లి బేరం చెడగొట్టే కూతురని పోస్టాఫీసుకి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను. మర్ఫీ పోయాక గాని నాకు కళ్లు తెరుచుకోలేదు. అప్పటికి ఈ పిల్ల ఊళ్లోనే లేదు. నా తప్పు నాది. అది నేను మోస్తాను. మీరు చెప్పండి. ఆ రోజు నిజం చెప్పింది ఎవరు?"

"వదిలెయ్యండి బ్రీజ్ గారూ," అంది ఫిడెల్మా. "ఇప్పుడెందుకు?"

"ఎందుకా? ఈ ఇంట్లో ఎవరి మాట నిజమో తెలియకుండా పిల్లను ఎలా తీసుకెళ్లను?"

కాన్సెప్టా కర్ర ఊతంగా లేవబోయింది. ఫిడెల్మా చెయ్యి అందిస్తే వద్దంది. నొప్పికి పళ్లు బిగించి, తనంతట తానే నిలబడింది.

"డాక్టరు ఆ మాట పెరట్లో చెప్పాడు. మర్ఫీ తల్లి టాన్సీని పట్టుకుని నా కూతురే నిలబడింది. నేను పెరటి గుమ్మంలో ఉన్నాను, విన్నాను. దీని నాన్న పోయి నెల కాలేదు. ఇంటి కప్పు కారుతోంది. కుక్కపిల్లలు అమ్ముడుపోకపోతే..." ఆమె ఆగింది. "కాదు. కప్పు అబద్ధం ఆడలేదు. నేను ఆడాను. ఇది నిజం చెప్పింది. తెలిసే దీన్ని అబద్ధాలకోరన్నాను."

ఫిడెల్మా ముఖం తిప్పుకుని సింకు దగ్గరికి వెళ్లింది. కుళాయి తిప్పింది గాని, దాని కింద కడగడానికి ఏమీ లేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. కాన్సెప్టా ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్లి ఆ భుజం మీద చెయ్యి వేసింది.

"తొమ్మిదేళ్లమ్మా," అంది ఫిడెల్మా వెనక్కి తిరగకుండానే. "తొమ్మిదేళ్లు ఒక్క ఉత్తరం రాయలేదు నువ్వు."

"రాస్తే ఇదే రాయాలి. అందుకే రాయలేకపోయాను."

బ్రీజ్ సంతకం పెట్టింది. పిల్లను కోటులో దాచుకుని లేచింది. "వంటగదిలో అన్నదానికి వంటగదిలో సరిపోయింది. ఊళ్లో పాకింది మాత్రం మిగిలే ఉంది," అంది గుమ్మం దగ్గర ఆగి.

"నాకు తెలియదా?" అంది కాన్సెప్టా.

ఆదివారం ప్రార్థన ముగిసి, ఆ ఊరి అలవాటు ప్రకారం జనం చర్చి గేటు దగ్గర గుంపులుగా నిలబడ్డారు. వాన వెలిసింది. కాన్సెప్టా గేటు కమ్మీ పట్టుకుని, కర్ర ఎత్తి అందరినీ ఆగమంది. ఒక పక్క ఫిడెల్మా, ఇంకో పక్క బ్రీజ్ నిలబడ్డారు.

"నా కూతురు అబద్ధాలకోరని మీరంతా విన్నారు. ఆ మాట నాది. టాన్సీ గుండె చెడిందని అది చెప్పింది, నిజమే చెప్పింది. తెలిసి కూడా నేను కాదన్నాను. అబద్ధం నాది."

ఆమె కారణాలేవీ చెప్పలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు. కాసేపటికి ఊరి బేకరీ ఆవిడ ముందుకు వచ్చి ఫిడెల్మా చెయ్యి పట్టుకుంది; ఆ వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. తొమ్మిదేళ్ల క్రితం కూతురి దగ్గర్నించి లాక్కున్న మంచిపేరును కాన్సెప్టా హోగన్ ఆ రోజు, అది ఎవరి మధ్య పోయిందో ఆ జనం ఎదుటే, ఒక్క మాట తగ్గించకుండా తిరిగి ఇచ్చేసింది.