టాంగోలో డ్రమ్ములుండవు

సింగపూర్‌లోని బూన్ లేలో ఒక పాత ఫ్యాక్టరీ భవనం ఉంది. దాని నాలుగో అంతస్తులో చివరి గదికి మంచి పేరు లేదు. అర్ధరాత్రి దాటితే అక్కడ దేవగన్నేరు పూల వాసన వస్తుందట. అది పొంటియానక్ అనే ఆడదెయ్యం పనేనట. ఎవరూ నొక్కకుండానే లిఫ్టు అక్కడికెళ్ళి ఆగుతుందట... ఎవరో కళ్ళారా చూశారట. ఆ ఎవరో ఎవరని అడిగితే మాత్రం చెప్పేవాళ్ళు లేరు.

అలాంటి గదిని కోరి అద్దెకు తీసుకున్నాడు కృష్ణచైతన్య. పగలు బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం. రాత్రయితే పాత టాంగో రికార్డుల్లోని గరగరలు తీసి, పాటను భద్రపరచడం—అదొక పిచ్చి. ఎక్కడో అర్జెంటీనాలో జంటలు కలిసి చేసే నాట్యానికి కట్టిన సంగీతం తెనాలి కుర్రాడికి ఎందుకంత పట్టుకుందో అతనికే తెలియదు. ఈ పనికి నిశ్శబ్దం కావాలి. దెయ్యాలున్న చోట దానికేం కొదవ!

ఆ భవనానికి రాత్రి కాపలా నాగరత్నం ఆంటీ. డెబ్బై దాటింది. తాతల నాడే విశాఖ నుంచి వచ్చిన కుటుంబం; ఇక్కడివాళ్ళలాగే మాట చివర ఊరికే 'లా' తగిలిస్తుంది. దొంగలంటే ఆమెకు లెక్కలేదు గానీ దెయ్యమంటే హడల్. నాలుగో అంతస్తుకి వచ్చినా లిఫ్టులోంచి కాలు బయటపెట్టదు. అక్కణ్ణించే ఒక కేకేసి దిగిపోతుంది.

ఒకరోజు లిఫ్టులోనే నిలబడి, గుడ్డలో చుట్టిన రికార్డొకటి చైతన్య చేతికిచ్చింది.

"మా నాన్న అప్పయ్య వాళ్ళ బ్యాండు పాట తంబీ. నాకు మూడేళ్ళప్పుడే పోయాడు. ఒక ఫోటో కూడా లేదు. ఇదొక్కటే."

"ఆయనేం వాయించేవారు ఆంటీ?"

"డ్రమ్ము."

చైతన్య గుడ్డ విప్పి చూశాడు. రికార్డు మీద 'టాంగో' అని రాసి ఉంది. టాంగోలో డ్రమ్ములుండవు. ఆ పాట వచ్చినప్పుడు డ్రమ్ము మనిషి చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. ఆ మాటే మెల్లగా చెప్పాడు.

"మా అన్న కూడా అదే అంటాడు, నాన్న ఇందులో లేడని. అమ్మ మాత్రం ఉన్నాడనేది లా. నువ్వు వెతుకు. శనివారం ఆయన తద్దినం, అందరికీ వినిపించాలి."

రికార్డు పూత పెచ్చులూడుతోంది. ఒక్కసారి సూది పెట్టేసరికే పాడైపోయింది. కంప్యూటర్లోకి ఎక్కిందే మిగిలింది. చైతన్య మూడు రాత్రులు దాని ముందే కూర్చున్నాడు. వయొలిన్లు తేటపడ్డాయి, పియానో పైకి తేలింది. అప్పయ్య లేడు. గరగర తీసే మోతాదు ఇంకాస్త పెంచాడు... పాట అద్దంలా మెరిసింది. అప్పుడూ లేడు.

శుక్రవారం రాత్రి. చైనావాళ్ళ ఏడో నెల—పోయినవాళ్ళు ఇళ్ళకు తిరిగొచ్చే నెల. కింద రోడ్డు పక్కన వాళ్ళ కోసం కాగితాలు కాలుతున్నాయి. చైతన్య ఆఖరి తనిఖీ మొదలెట్టాడు. తీసేసిన చెత్తను విడిగా వినడం—పాట ముక్క ఏదైనా పొరపాటున అందులో పోయిందేమో చూడడం. రెండు క్షణాలు గరగర విన్నాడు. చెత్త చెత్తే అనుకుని, విసుగ్గా హెడ్‌ఫోన్ తీసి బల్ల అంచున పడేసి, గదికి తాళం వేసి కిందికి దిగాడు.

"దొరికాడా?" అంది ఆంటీ.

చైతన్య తల అడ్డంగా ఊపాడు. ఆంటీ చేతిలో టార్చిని ఊరికే ఆర్పి వెలిగించింది.

"పాట మాత్రం బాగా వచ్చిందాంటీ. ఒక్కసారి పైకి రండి."

"తాకుత్ తంబీ... నాకు భయం లా," అంటూనే, నాన్న పాట కదా అని కదిలింది.

నాలుగో అంతస్తు. లిఫ్టు తలుపు తెరుచుకుంది.

టక్.

"ఏంటది?" ఆంటీ గుసగుసలాడింది.

టక్... టక్... టక్-టక్.

చివరి గదిలోంచి. తాళం వేసిన గదిలోంచి. చెక్క నేల మీద బూటుకాలు వేసిన చప్పుడు... ఆ గదిలో ఉన్నది సిమెంటు నేల!

ఆంటీ చైతన్య చొక్కా పట్టుకుంది. చైతన్య ఆంటీ మోచెయ్యి పట్టుకున్నాడు. ఎవరు ఎవరికి కాపలానో తెలియలేదు.

"ఆంజనేయా... మురుగా... పోదాం తంబీ!"

"మీ నాన్న పాట... ఆ కంప్యూటర్లోనే ఉందాంటీ..."

అంతే. ఆంటీ అతని చేతిలో తాళంచెవి లాక్కుంది. జీవితంలో మొదటిసారి ఆ వరండాలో కాలు పెట్టింది.

"మా నాన్న పాట ముట్టుకున్నావో—చంపేస్తా!"

దెయ్యాన్ని మళ్ళీ ఎలా చంపుతుందో అడిగే తీరిక చైతన్యకి లేదు. తలుపు భళ్ళున తెరుచుకుంది.

ఎవరూ లేరు. ఖాళీ కుర్చీ.

టక్... టక్... టక్-టక్.

పెద్ద స్పీకర్లలోంచి! హెడ్‌ఫోన్ బల్ల మీంచి జారి, వైరు ఊడి నేల మీద పడి ఉంది. తీసేసిన చెత్తను కంప్యూటర్ మళ్ళీ మళ్ళీ మోగిస్తోంది.

చైతన్య పగలబడి నవ్వాడు. "చెత్తాంటీ! నేను తీసేసిన—"

నవ్వు సగంలోనే ఆగిపోయింది. చెత్తకు లయ ఉండదు. టాంగోను కూడా కలిపి పెట్టాడు. ఒక్కో దెబ్బా సరిగ్గా పాట అడుగులోనే పడుతోంది. డ్రమ్ము ముట్టుకోవద్దని చెప్పి ఉంటారు. అప్పయ్య చేతులు కట్టుకునే ఉంటాడు. కాలు మాత్రం ఊరుకోలేదు. గరగర అనుకుని ఆ మనిషిని పాటలోంచి తుడిచేసింది తనేనని తెలిసి చైతన్య సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఆంటీ... మీ నాన్న."

ఆంటీ ఖాళీ కుర్చీలో కూర్చుంది. కళ్ళు తుడుచుకుని, చెయ్యెత్తింది.

"ఆ పాట ఆపెయ్ తంబీ."

"బాగా లేదా ఆంటీ?"

"బాగుంది లా. కానీ... ఆ దెయ్యాన్నే ఇంకోసారి వినిపించు."