ట్యాంకులో ఏజెంట్ పిచ్చుక

"మధ్యాహ్నానికల్లా గాలి ట్యాంకు పేల్చేస్తారు. విదేశీ ముఠా," అన్నాడు చీఫ్. "అక్కడి ఇంజనీర్ మన మనిషే. కోడ్ వర్డ్ 'ఈదురు'. ఆమె చెప్పినట్టు చెయ్యి."

ఏజెంట్ పిచ్చుక పెయింటర్ వేషంలో ప్లాంటుకు వెళ్లింది. గాలిమరల కరెంటూ, పక్క ఫ్యాక్టరీ వదిలేసే ఆవిరీ కలిసి అక్కడి కంప్రెసర్లను తిప్పుతాయి. అవి నొక్కిపెట్టిన గాలిని ట్యాంకు దాచుకుని, గాలి వీచని పూట ఊరికి కరెంటిస్తుంది.

ఇంజనీర్ ఎదురొచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, ఘాటైన సెంటు.

"ఈదురు," అంది. "బాంబు ట్యాంకులోనే ఉంది. గాలి ఖాళీ చేయించాను. దిగు."

పిచ్చుక దూరింది. లోపల బాంబూ లేదు, ఏమీ లేదు. వెనకాల మూత పడింది. నట్లు బిగించిన చప్పుడు.

"ఏమనుకోకు పిచ్చుకా. వాళ్లు నన్ను మీ చీఫ్ కంటే బాగా చూసుకుంటున్నారు."

కంప్రెసర్ మొదలైంది. చీకటి. చెవులు దిబ్బడేశాయి. ఉంగరంలోని ట్రాన్స్‌మిటర్ ఇనుప గోడ దాటడం లేదు. గాలి ఎక్కువై ట్యాంకు పేలడానికి చాలా ముందే తన ప్రాణం పోతుంది. ఇంట్లో పాపకి జ్వరం. మందు ఎక్కడుందో అత్తగారికి చెప్పానా, లేదా?

తడుముకుంటూ పోతే అడుగున నీళ్లు తగిలాయి. నొక్కిన గాలిలోని తేమ అలా నీరై దిగుతుంది. ఆ నీరు పోయే పైపుకు ఒక తేలే బంతి అడ్డం ఉంటుంది. పిచ్చుక దాన్ని పైకి లాగి పట్టుకుంది. పైపులోంచి గాలి ఈల వేస్తూ బయటికి తన్నుకుపోయింది.

బయట పనివాళ్లు భోజనాల్లో ఉన్నారు. ఆ ప్లాంటులో గాలి లీకైన చప్పుడు వింటే ఎవరూ కూర్చోలేరు. మిషన్ ఆపి, సబ్బునీళ్లు రాసి, బుడగ ఎక్కడొస్తుందో చూడాల్సిందే.

"మీరు తినండి. నేను చూస్తాను," అంది ఇంజనీర్.

"కష్టపడి నొక్కిన గాలి మేడమ్. పోతుంటే ముద్ద దిగుతుందా?" అంటూ లేచాడు ఫోర్‌మన్.

లోపల పిచ్చుక వేళ్లు బంతి మీంచి జారుతున్నాయి. ఫోర్‌మన్ స్విచ్ ఆపాడు. సబ్బునీళ్ల సీసాతో వంగి, చెవి ఆనించాడు.

"ఒరేయ్, ట్యాంకు దగ్గుతోందిరా."

గాలిని మెల్లగా వదిలి, మూత తీసి పిచ్చుకను బయటికి లాగారు. ఒకడు పైకెక్కి, "సేఫ్టీ వాల్వు తెరుచుకోకుండా ఈ తీగ ఎవరు కట్టారు?" అన్నాడు. అందరూ ఇంజనీర్ వైపు తిరిగారు. గేటు దారికి నలుగురు అడ్డం నిలబడ్డారు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "ముఠా పేర్లన్నీ అప్పుడే చెప్పేసిందా? ఎలా బెదిరించావు?"

"బెదిరించలేదు సార్," అంది పిచ్చుక, పాప నుదురు తడిమి చూస్తూ. "ట్యాంకు మూత తీసి, ముందు మీరు దయచెయ్యండి మేడమ్ అన్నానంతే."