ఏడవని ఎంబువాస్

ఉదయం 7.40కి ఉప్పుచెలమ దారిలో శవం కనిపించింది.

లింగిర్. ముప్పై నాలుగేళ్ల మనిషి. అటవీశాఖ కోసం అడవిలో పిట్టల్ని లెక్కపెట్టడం అతని పని. బోర్లా పడి ఉన్నాడు. తల వెనక ఒకటే దెబ్బ. మెడలో బైనాక్యులర్ అలాగే ఉంది. చేతికి వాచీ ఉంది. ఎప్పుడూ చంకలో ఉండే నోట్‌బుక్ మాత్రం లేదు.

ముప్పై అడుగుల దూరంలో ఒక రంపం మెషీను. అది సాందోం అనేవాడిది.

ముందురోజు సాయంత్రమే వాళ్లిద్దరూ, గుంజల మీద ఎత్తుగా కట్టిన పొడుగింటి వసారాలో, అందరి ఎదుటా తిట్టుకున్నారు. దొంగచాటుగా చెట్లు కోసేవాళ్ల పేర్లు రాసి పంపుతానన్నాడు లింగిర్. పంపితే ఆ చెయ్యి ఉండదన్నాడు సాందోం. ఆ ఒక్క ఇంట్లో ఉండే ఇరవై రెండు కుటుంబాలూ విన్నాయి. ఇంకేం కావాలి?

ఇన్‌స్పెక్టర్ రెంగి మధ్యాహ్నం 2.15కి పడవ దిగాడు. చావు ఆరుకీ ఏడుకీ మధ్య జరిగుంటుందని అంచనా వేశాడు. శవాన్ని కానిస్టేబుల్‌తో అదే పడవలో దిగువకి పంపాడు. పడవ వెళ్లిన గంటకే ఏరు పొంగింది. పైన కోసి దాచిన దొంగ దుంగలన్నీ కొట్టుకొచ్చి వంపులో అడ్డం పడ్డాయి. ఏరు మూసుకుపోయింది.

పొద్దుగూకే లోపు ఇల్లు కూడా మూసుకుంది. ఇంటిమనిషి నెత్తురు చిందితే మూడు రోజులు ఎవరూ నిచ్చెన దిగకూడదు, ఎవరూ ఎక్కకూడదు. ఇంటిపెద్ద ముజా తన చేత్తోనే ఆకుల కట్ట తెచ్చి నిచ్చెనకి కట్టాడు.

"నువ్వూ లోపలే దొరికావు. నీకూ అంతే, ఇన్‌స్పెక్టరూ" అన్నాడు.

రెంగి పక్క ఏటి ఒడ్డున పుట్టినవాడే. ఆ ఆకులు దాటితే కన్నతల్లి కూడా గుమ్మం తొక్కనివ్వదని అతనికి తెలుసు.

ఇరవై రెండు గుమ్మాలు, ఒకటే వసారా. చంపినవాడూ అక్కడే తింటున్నాడు, పట్టుకోవాల్సినవాడూ అక్కడే తింటున్నాడు. సాందోంకి బేడీలేసి నడిమి స్తంభానికి కట్టారు. అతని భార్య లెమియాకి ఏడో నెల. పూటపూటకీ వచ్చి మొగుడి నోట్లో ముద్దలు పెట్టేది.

"ఏరు తెరుచుకుంటే ముందు జైలు, ఆ తర్వాత ఉరి. అంతేనా సార్?" అని అడిగింది మొదటిరోజే.

రెంగి సాందోం వైపు తిరిగాడు. 

"ఆ పొద్దున ఎక్కడున్నావు?" సాందోంని అడిగాడు.

"రేవులో. పడవ ఇంజను విప్పుకుంటున్నాను."

"ఎవరు చూశారు?"

"ఇంజను చూసింది."

"మరి నీ రంపం అడవిలోకి నడిచివెళ్లిందా?"

"రాత్రి ఇక్కడే వసారాలో పెట్టాను. ఎవడైనా ఎత్తుకెళ్లొచ్చు. మనిళ్లల్లో వసారాకి తాళాలుంటాయా సార్?"

"చెట్లు కోశావా, లేదా?"

"కోశాను. నేను కోసింది చెట్లనే."

రెంగి ఒక్కొక్క గుమ్మం ముందూ కూర్చుని రాసుకున్నాడు. అది విత్తే కాలం. ఆ ఉదయం 6.30కి ఇల్లంతా గుంపుగా కొండపొలానికి పోయింది. ఒకరికొకరు సాక్షి. విడిగా ఉన్నది ఇద్దరే. ఒకడు సాందోం. రెండోవాడు ముజా.

డెబ్భై ఏళ్ల ముజా ఇంటికి పెద్దే కాదు, ఇంటి తరఫున పిట్టమాట విని శకునం చెప్పేది కూడా ఆయనే. ఆరుకి అడవి మొగదలకి వెళ్లానన్నాడు. 6.20కి కుడివైపు నుంచి ఎంబువాస్ పిట్ట ఏడ్చిందట. ఎంబువాస్ ఏడిస్తే అడుగు ముందుకెయ్యకూడదు. తిరిగొచ్చేశాడట. లోపలికి పోయుంటే పిల్లాడు బతికేవాడేమో అని కళ్లు తుడుచుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలొంచారు. రెంగి కూడా మారు ప్రశ్న వెయ్యలేదు. తన తాత అలా ఎన్నిసార్లు వెనక్కి రాలేదు!

మూడో రోజు ఉదయం 11.00. లింగిర్ రేకుపెట్టెలో నెలవారీ రిపోర్టుల నకళ్లు దొరికాయి. రెంగి చాపమీద పరిచాడు. మూడేళ్ల కిందట అరవై రకాల పిట్టలు. చివరి నెలలో ఇరవై మూడు. నీడలో, తడి ఆకుల కింద బతికేవి ఒక్కొక్కటే కాగితం మీంచి జారిపోయాయి. ఎండకి ఎగిరే పిగిలిపిట్టలు మాత్రం పెరిగాయి. ఎంబువాస్ వరసలో వేలుపెట్టి చూశాడు. పద్నాలుగు నెలలుగా సున్నా.

అయినా ఇది సాక్ష్యం కాదు. లింగిర్‌కి వినపడని పిట్ట ముజాకి వినపడొచ్చు.

రెంగి తలెత్తాడు. ఎదురుగా గోడకి, విత్తనాలకి గుంటలు పొడిచే కర్రలు వరసగా ఆనించి ఉన్నాయి. రెండు రాత్రులుగా వాటి పక్కనే పడుకుంటున్నాడు. కర్ర కర్రకీ కొసన ఎండిన ఎర్రమట్టి.

లేచి ఒకదాని మట్టిని గోటితో గీకి చూశాడు.

మధ్యాహ్నం 3.00కి అందర్నీ వసారాలోకి పిలిచాడు.

"తాతా, ఎంబువాస్ ఏడ్చింది 6.20కి. అవునా?"

"ఎన్నిసార్లు చెప్పను? పట్నం చెవులు నీవి, పిట్టమాట ఎక్కదు" అన్నాడు ముజా. ఒకరిద్దరు నవ్వారు.

"ఇంటికొచ్చింది?"

"ఆరున్నర లోపే."

"పొలానికి పోయేవాళ్లు ఎదురుపడ్డారా?"

"ఎదురుపడకేం? నిచ్చెన దగ్గరే. నా కోడలు విత్తనాల బుట్టతో ముందుంది."

రెంగి ఒక కర్ర తీసి ముజా ముందు పెట్టాడు.

"విత్తే కాలంలో ఎంబువాస్ ఏడిస్తే, విన్నవాడు ఒక్కడే ఆగుతాడా, ఇల్లంతా ఆగుతుందా?"

నవ్వులు ఆగిపోయాయి.

"ఇల్లంతా ఆగాలి" అంది గుంపులోంచి ఒక ముసలమ్మ. "ఆ రోజు విత్తితే వేసినవాళ్ల చేతుల్లోనే చావుంటుంది."

"ఈ కర్ర కొసన ఉన్న మట్టి ఆ రోజు విత్తినదే. తర్వాత ఎవరూ దిగలేదు. తాతా, కీడు విన్నావు. నీ కోడలు ఎదురొచ్చింది. పొమ్మని పక్కకి తప్పుకున్నావు. పిట్టని విన్నవాడు ఆ పని చెయ్యడు. శవం దొరికాక పిట్టని పుట్టించావు. పద్నాలుగు నెలలుగా పుట్టిస్తూనే ఉన్నావు. అలవాటైపోయి, అది నిజంగా ఏడిస్తే ఏం చెయ్యాలో మర్చిపోయావు."

ముజా కోడలు తన అరచేతులకేసి చూసుకుంది.

ముజా ఏదో అనబోయాడు. అప్పుడు ఆయన భార్య సవై లేచింది. లోపలికి వెళ్లి ధాన్యపు గాదెలో చెయ్యిపెట్టి నోట్‌బుక్ తీసుకొచ్చింది.

"కాల్చెయ్యమన్నాడు" అంది. "అన్నీ పిట్టల పేర్లే కనపడ్డాయి. చెయ్యి రాలేదు."

చివరి పేజీలో చెట్లు కోసేవాళ్ల పేర్లు. సాందోం పేరు నాలుగోది. వాళ్లని అడవిలోకి రానిచ్చినవాడిగా మొదటి పేరు ముజాది.

"పేరు కోసం కాదు" అన్నాడు ముజా.  "రానిచ్చానని ఇంటికి తెలిసినా భరించేవాణ్ణి. ఈ అడవిలో పిట్ట పలకడం లేదని అందరి ముందూ చదువుతానన్నాడు. రోజూ ఆరుకి వెళ్లి చెవి పెట్టేవాణ్ణి నాయనా. పద్నాలుగు నెలలు. తిరిగొస్తే అందరూ నా మొహంకేసి చూసేవాళ్లు, పోవాలా ఆగాలా అని. ఏం చెప్పను? అడవి మాట్లాడటం మానేసిందని చెప్పనా?"

 నేరం సాందోం మీదికి పోవాలని రంపం తనే పట్టుకెళ్లాననీ, చేతికర్రతో ఒక్కటే దెబ్బ కొట్టాననీ ఆయనే చెప్పాడు. రెంగి సాందోం బేడీలు తీసి ముజాకి వేశాడు. లెమియా మొగుడి మణికట్లు పట్టుకుని కూర్చుండిపోయింది.

మర్నాడు ఉదయం 6.00. మూడు రోజులూ తీరాయి. దిగువనుంచి పోలీసు పడవ హారన్ వినిపించింది. దుంగలు పక్కకి లాగి దారి చేశారు. సవై ఆకుల కట్ట విప్పి కింద పారేసింది.

మూసిన ఇల్లు తెరిస్తే, ముందు మంచివైపునుంచి ఒక శకునపిట్ట పలకాలి. అప్పుడే నిచ్చెన దిగాలి. ఇరవై రెండు కుటుంబాలూ బుట్టలతో, కర్రలతో వసారా అంచున నిలబడ్డాయి. ముజా బేడీలతోనే తల ఒకపక్కకి వంచాడు. పాత అలవాటు.

అడవికేసి అందరూ చెవులు పెట్టారు. నరికిన జాగాలో పిగిలిపిట్టలు కిచకిచలాడుతున్నాయి. వాటి మాటకి అర్థం ఎవరికీ ఎవరూ నేర్పలేదు.

6.20 అయింది. 6.40 అయింది.

సాందోం అందరికంటే ముందు నిలబడ్డాడు. చేతులకి బేడీల్లేవు. ఒక కాలు మొదటి మెట్టు మీద పెట్టి, తను కోసిన వైపుకి చూస్తూ ఉండిపోయాడు. రెండో కాలు కదల్లేదు.

కింద పడవ మళ్లీ హారన్ కొట్టింది.