అమ్మ వీపు మీద నల్ల చారలు

తోవాకు తెలిసిన జబ్బు ఒకటే: ఒంట్లోకి గాలి దూరడం. జ్వరమైనా, తలనొప్పైనా, కడుపు నొప్పైనా ఆవిడ మందు మారదు. వీపుకు ఘాటు తైలం రాసి వెండి నాణెంతో బరబరా గీకేస్తుంది. గీకిన చోట ఎర్రగా తేలితే గాలి బయటికి వచ్చినట్టు. ఎంత నల్లగా కమిలితే లోపల అంత గాలి ఉన్నట్టు. వియత్నాం వదిలి జర్మనీలోని లైప్‌జిగ్‌లో జుట్టు నెరిసినా ఆ నమ్మకం మాత్రం నెరవలేదు.

ఆ ఉదయం పొయ్యి మీద ఎముకల పులుసు మరుగుతోంది. భర్త ఖాంగ్ పూలకొట్టు తెరవడానికి వెళ్లిపోయాడు. ఆస్పత్రిలో నర్సు పని నేర్చుకుంటున్న కూతురు యెన్ వారం నుంచి గడప దాటలేదు. గోడవైపు తిరిగి పడుకునే ఉంది.

"లేవే! చొక్కా ఎత్తు, గాలి వదలగొడతా."

"గాలి కాదమ్మా."

"మరేంటి, దయ్యమా?"

యెన్ లేచి కూర్చుంది. "పదింటికి మనసు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నువ్వూ రా అమ్మా. ఒక్కదాన్నే ట్రామెక్కాలంటే భయమేస్తోంది."

"పిచ్చి డాక్టరు దగ్గరికా! మనవాళ్లకి తెలిస్తే ఇంకేమైనా ఉందా? నీకేం తక్కువైందే? తిండా, బట్టా?"

"వార్డులో ఒక జర్మన్ ముసలాయన నా చేత్తో మాత్ర తీసుకోనన్నాడు. కుక్కల్ని తినే చేతులట. పెద్ద నర్సు నవ్వేసి నన్నే వేరే గదికి పొమ్మంది. అప్పట్నుంచీ కడుగుతూనే ఉన్నాను, చూడు." చాపిన చేతులు తోలు లేచి ఎర్రగా ఉన్నాయి.

తోవా చూడలేదు. చూస్తే ఏమవుతుందో ఆవిడకు తెలుసు.

"ఓస్, ఇంతేనా! మేమెన్ని పడలేదు? తల దించుకుని పని చేసుకోవాలి. నాకేమైనా అయిందా?"

"ఏమీ కాలేదా? మరి కొత్త సంవత్సరానికి టపాకాయలు పేలితే స్నానాలగదిలో గడియ పెట్టుకుని వణుకుతావెందుకు?"

చెంప ఛెళ్లుమంది. తోవా ఏనాడూ కూతురి మీద చెయ్యెత్తి ఎరగదు. తన చేతిని తానే నమ్మలేనట్టు చూసుకుంది. వంటింట్లో పులుసు పొంగిపోతున్నా ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

యెన్ ఏడవలేదు. తల్లి తెచ్చి మంచం మీద పెట్టిన నాణెం అందుకుంది.

"నా వీపు నీ ఇష్టం. ముందు నీది చూద్దాం."

ఇంటిల్లిపాదికీ గాలి తీసిన మనిషి, తన వీపు ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకో ఈసారి మారు మాట్లాడకుండా తిరిగి కూర్చుంది.

"తైలం మండదూ, ఆ చేతులకి?"

"మండనీ."

రెండు గీతలకే వీపు నేరేడు పండులా కమిలింది. యెన్ చెయ్యి ఆగిపోయింది.

"ఎలా వచ్చిందే?"

"నల్లగా అమ్మా. చాలా నల్లగా."

తోవా భుజాలు కదిలాయి. "కుట్టు ఫ్యాక్టరీలో పనికని వచ్చిన కొత్తలో... రాత్రిపూట ఇక్కడి కుర్రాళ్లు గుంపుగా వచ్చి మా హాస్టల్ కిటికీల్లోంచి లోపలికి నిప్పంటించిన సీసాలు విసిరారే. పొగలో పైకప్పు మీదికి పాకాం. కింద పక్కింటివాళ్లు నిలబడి చప్పట్లు కొట్టారు. రోజూ నన్ను నవ్వుతూ పలకరించినవాళ్లే! పెళ్లయ్యాక మీ నాన్నకి కూడా చెప్పలేదు. చెప్పుకుంటే సిగ్గనుకున్నాను." ఇన్నేళ్లు బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. యెన్ వెనకనుంచి తల్లిని కావలించుకుని తనూ ఏడ్చింది.

కాసేపటికి తోవా వెళ్లి పొయ్యి కట్టేసి, వెన్న గిన్నెతో వచ్చి కూతురి చేతులు తన ఒళ్లోకి లాక్కుంది. తోలు లేచిన వేళ్లకు మెల్లగా వెన్న రాసింది.

"ఈ చేతుల్నా వాడు వద్దన్నది! కళ్లు పోతాయి వెధవకి." లేచింది. చలికోటు తొడుక్కుని, కూతురి కోటు కూడా తెచ్చింది. "పద, ట్రాము వెళ్లిపోతుంది."

గుమ్మం దాటుతూ ఆగింది.

"ఏమే, ఆ డాక్టరు పాత గాలి కూడా చూస్తాడేమో అడుగు."