దక్షిణ గేటు

“తేజా ఎంత పలుకుతోంది?”

“తొడిమ తీసిందా, తీయందా?”

కోడ్ సరిపోయింది. 2008 ఫిబ్రవరి, గుంటూరు మిర్చి యార్డు. వ్యాపారి వేషంలో ఉన్న చీఫ్ హయాత్ తుమ్ము ఆపుకుంటూ మిర్చి బస్తాల వెనక్కి నడిచాడు. ఏజెంట్ సాల్మన్ వెంట వెళ్లాడు. ఘాటుకి ఇద్దరికీ కళ్లమ్మట నీళ్లు.

“కొత్తపట్నం ఒడ్డున రొయ్యల కోల్డ్ స్టోరేజ్ కడుతున్నారు. దాని కింద నేవీ ఆయిల్ ట్యాంకులు. కంప్యూటర్‌లో పై కట్టడం బొమ్మ అందరూ చూడొచ్చు. కింది ట్యాంకుల బొమ్మ ఎవరూ చూడకూడదు.”

“ఎవరు చూడబోతున్నారు సార్?”

“పదకొండింటికి కాంట్రాక్టర్ యలమందయ్య ఆఫీసులో త్రీడీ మోడల్ రివ్యూ. మెషినరీ అమ్మే విదేశీయుడొకడు వస్తున్నాడు. వాడి కోటు గుండీలో కెమెరా ఉందట. మీటింగ్ ఆపితే గూఢచారుల ముఠా జారిపోతుంది.”

“మోడల్ నడిపేదెవరు?”

“హెలెన్. మన మనిషే.” హయాత్ కళ్లు తుడుచుకున్నాడు. “అనుకుంటున్నాం.”

“నన్నయినా నమ్ముతారా సార్?”

“ఈ ఉద్యోగంలో నన్ను నేనే నమ్మను. వెళ్లు.”

సాల్మన్ పుట్టింది కొత్తపట్నంలోనే. ట్యాంకుల చోటు శత్రువుకి తెలిస్తే మొదటి బాంబు పడేది వాళ్లమ్మ ఉంటున్న పేట మీద. అతనికి నిజంగానే భయం వేసింది.

పదీ నలభైకి కంప్యూటర్ మెకానిక్ వేషంలో, మౌస్ బాగుచేసే నెపంతో మోడల్ తెరిచాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ లోపల నడిచి తిరగొచ్చు. ఫలానా చోటికి రాగానే ఫలానాది జరగాలని ముందే స్క్రిప్ట్ పెట్టుకోవచ్చు. తూర్పు గేటుకి ఉన్నది మామూలుదే: దగ్గరికి రాగానే తలుపు తెరుచుకునే యానిమేషన్. దక్షిణ గేటుకి ఉన్నది వేరు. హాట్‌స్పాట్: మూడు మీటర్లు. యాక్షన్: లోడ్ మోడల్. ఫైలు: కింది బొమ్మ! గేటుకి మూడు మీటర్ల దగ్గరికి రాగానే ట్యాంకులన్నీ తెర మీదికి వచ్చేస్తాయి.

తీసేయబోతుంటే సెంటు వాసన గుప్పుమంది.

“అయిందా?” నల్లకళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని హెలెన్ నవ్వింది. లేవక తప్పలేదు.

పదకొండు. మౌస్ మళ్లీ మొరాయిస్తే చూడ్డానికని సాల్మన్ యలమందయ్య కుర్చీ వెనకే నిలబడ్డాడు. గోడ మీద పెద్ద బొమ్మ వెలిగింది. విదేశీయుడు గుండీ సవరించుకున్నాడు. హెలెన్ తిన్నగా దక్షిణ గేటు వైపు నడిపించింది. ఎనిమిది మీటర్లు. ఆరు. ప్లగ్ పీకుదామంటే యూపీఎస్ ఆమె కాళ్ల దగ్గరుంది. మౌస్ ఆమె గుప్పిట్లో ఉంది.

సాల్మన్ వంగి యలమందయ్య చెవిలో అన్నాడు. “తొలిసారి లోపలికెళ్లేది దక్షిణం నుంచా అండీ?”

యలమందయ్య దిగ్గున లేచాడు. “ఆగమ్మా! ఏం పనది?”

మూడున్నర మీటర్ల దగ్గర బొమ్మలో నడక ఆగింది.

“సార్, ఇది కంప్యూటర్ బొమ్మే కదా!”

“బొమ్మయితే? అది లారీల గేటు. శుభమా అని మొదటి అడుగు యముడి దిక్కు నుంచా? తూర్పుకి తిప్పు.”

“దగ్గరి దారని, సార్...”

“తిప్పమంటున్నానా!”

తిప్పింది. తూర్పు తలుపు చక్కగా తెరుచుకుంది. యలమందయ్య రివ్యూ అయ్యేదాకా ఆమె కుర్చీ వెనకే నిలబడి, మళ్లీ దక్షిణం వైపు చూడనివ్వలేదు. విదేశీయుడి గుండీ గంటసేపు ఓపిగ్గా రొయ్యల అరలు చిత్రీకరించింది. మెట్ల దగ్గర కాపు కాసిన మన వాళ్లు హెలెన్‌నీ, విదేశీయుణ్ణీ పట్టుకున్నారు. సాక్ష్యానికి స్క్రిప్ట్ అలాగే ఉంది.

సాయంత్రం హయాత్ తల పట్టుకున్నాడు. “దేశాన్ని వాస్తు కాపాడిందని రిపోర్టులో ఎలా రాయనయ్యా? నువ్వూ నమ్ముతావా?”

“నాకెందుకు సార్? ఆదివారం ఆదివారం చర్చికెళ్లేవాణ్ణి.”

“మీ ఇంటి గుమ్మం ఎటు?”

సాల్మన్ గొంతు సవరించుకున్నాడు.

“తూర్పుకే సార్.”